ఐదు రావాల్సిన చోట తొమ్మిది

తొమ్మిది అంకె కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరైనా తొమ్మిది గంటలకు రమ్మంటే ఎనిమిదిన్నరకే వెళ్ళి కూర్చుంటాను. అద్దె ఇల్లు వెతుక్కునే రోజుల్లో గాలీ వెలుతురూ ఉన్న ఒక మంచి ఇంటిని, గేటు మీద ఆ అంకె ఉందని వదిలేశాను. మా ఇంట్లోవాళ్ళు దీన్ని చాదస్తం అంటారు, నవ్వుతారు. నవ్వనీ. ఆ అంకె వాళ్ళ నోటికాడి కూడు లాక్కోలేదు కదా.

ఎనభైల మొదటి సంవత్సరాల మాట ఇది. మేము ఓల్డ్ టౌన్‌లో చర్చి వెనక సందులో ఉండేవాళ్ళం. పక్క వాటాలో ఒక టైలరు సాయిబు కుటుంబం ఉండేది. మా నాన్న పోర్టులో సరుకెత్తే వించి మీద పనిచేస్తూ నా చిన్నప్పుడే పోయారు. అమ్మ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పోర్టులో ఇనప ఖనిజం ఓడకెత్తే రోజున సందులో ఆరేసిన బట్టలన్నీ ఎర్రబడిపోయేవి. అందుకని అమ్మ తన తెల్ల యూనిఫారాన్ని వంటింట్లోనే తాడు కట్టి ఆరేసేది. నేను దాని కింద పీట వేసుకుని చదువుకునేదాన్ని.

ఊళ్ళో అప్పుడు ఎవరి నోట విన్నా స్టీల్ ప్లాంటే. టీ కొట్టులో అదే మాట, చర్చి మెట్ల మీద అదే మాట. అక్కడ కంప్యూటర్ విభాగం పెడుతున్నారు, మనుషుల్ని తీసుకుంటారు, ఫస్ట్ క్లాసు లేనివాళ్ళ అప్లికేషన్ ముట్టుకోను కూడా ముట్టుకోరు అని అందరికీ తెలుసు. నాకు ఆ ఉద్యోగం కావాలి. బెంగళూరో బొంబాయో వెళ్ళి గదులు తీసుకుని వెతుక్కునే స్తోమతు మాకు లేదు. ఈ ఊళ్ళోనే ఉండి మెషీన్ దగ్గర పనిచేయాలంటే ఉన్నది ఆ ఒక్క తలుపు. దానికోసమే బీఎస్సీ లెక్కలు అయ్యాక ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ డిప్లొమాలో చేరాను. ఆ కాలేజీ ఇప్పుడు లేదు. అది మూతపడిందని తెలిసిన రోజున నేను స్వీట్లు పంచాను, దాచుకోవడం దేనికి.

కంప్యూటర్ డిప్లొమా ఇచ్చే ఆ కాలేజీకి కంప్యూటర్ లేదు. ఊళ్ళో ఒక ఆఫీసు మెషీన్‌ను వారంలో రెండు పూటలు అద్దెకు తీసుకునేవారు. మేము కార్డుల మీద ప్రోగ్రాం చిల్లులు కొట్టించి, రబ్బరు బ్యాండు వేసి, కిటికీలోంచి లోపలికి ఇవ్వాలి. మళ్ళీ వాయిదాకి అచ్చయిన కాగితం బయటికొస్తుంది. ఆ మెషీన్‌కు తెలిసిన భాష ఫోర్ట్రాన్ ఒక్కటే. మా సిలబస్‌లో మాత్రం ఒక పేపరు పేరు 'ప్రోగ్రామింగ్ భాషలు: సూత్రాలు, నిర్మాణం'. ఆల్గాల్ ఎలా కట్టారు, లిస్ప్ ఎలా కట్టారు, ఒక భాషలో పేరుకు అర్థం ఎక్కడినుంచి వస్తుంది, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. ఫోర్ట్రాన్ తప్ప ఆ భాషల్లో ఏ ఒక్కటీ నడిచే మెషీన్ మాకు అందుబాటులో లేదు. మేము వాటిని కాగితం మీద నేర్చుకున్నాం. ఈత నేర్పిస్తామని ఆర్కే బీచ్ ఇసకలో బోర్లా పడుకోబెట్టినట్టు ఉండేది మా చదువు.

అయినా ఆ పేపరంటే నాకు ప్రాణం. ఈ మాట చెప్పకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. ఫోర్ట్రాన్‌తో నేను రోజూ కుస్తీ పట్టేదాన్ని, అది ఎందుకలా ఉందని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఈ పేపరు చదివాకే, భాష అనేది ఆకాశంలోంచి ఊడిపడలేదని, ఎవరో కొందరు కూర్చుని, వాదించుకుని, ఇది ఇలా ఉండాలి అని తీర్మానించుకుని కట్టారని తెలిసింది. ప్రతి చిన్న నియమం వెనకా ఒక నిర్ణయం ఉంది. ఇలా కాకుండా అలా పెడితే ఏమవుతుంది అని నేను తాడు మీది యూనిఫారం వైపు చూస్తూ గంటలు గంటలు ఆలోచించేదాన్ని. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, "ఏటే, గోడతో మాట్లాడతన్నావా?" అనేది.

ఆ పేపరు చెప్పింది మా సీనియర్ లెక్చరరు గారు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చాక్‌పీసు అంటకుండా చేతిరుమాలుతో పట్టుకోవడం, మంచి గొంతు. పాఠం చెప్పరు, చదువుతారు. మేము రాసుకుంటాం. ఎన్నో బ్యాచుల కిందట తయారైన నోట్సు అది. ఆయన చదవడం, పిల్లలు రాసుకోవడం, పరీక్షలో అదే తిరిగి అప్పజెప్పడం, ఆయనే దిద్ది మార్కులు వెయ్యడం. ఎవరైనా చెయ్యెత్తితే "నోట్సులో ఉంది కదమ్మా" అనేవారు. ఆ 'అమ్మా'లో ఎంత గౌరవం ఉండేదో వినేవాళ్ళకి తెలిసేది.

ఒకరోజు పేర్ల అర్థం గురించి పాఠం. ఉదాహరణకు ఆల్గాల్‌లో ఒక చిన్న ప్రోగ్రాం బోర్డు మీద రాశారు. ఎక్స్ అనే పేరుంది, అందులో ఐదు ఉంది. 'చూపించు' అని ఒక చిన్న పని ఉంది. ఎక్స్‌లో ఎంతుందో అచ్చువెయ్యడమే దాని పని. దాని పక్కనే ఇంకో పని ఉంది. ఆ రెండోది తనకంటూ సొంతంగా ఇంకో ఎక్స్ పెట్టుకుని, అందులో తొమ్మిది వేసుకుని, అప్పుడు 'చూపించు'ను పిలుస్తుంది. ఏం అచ్చవుతుంది? ఐదా, తొమ్మిదా? అంతే ప్రశ్న. ఇంతకంటే ఏమీ లేదు.

ఆయన బోర్డు మీద మెషీన్ చేసే పనిని ఒక్కో మెట్టూ చేసి చూపించారు. మా క్లాసులో బోర్డు చిన్నది. సగం పగిలిపోతే మిగిలిన సగాన్ని మేకులు కొట్టి నిలబెట్టారు. ఎక్స్ అని గీసి ఐదు వేశారు. రెండో పని మొదలయ్యేసరికి చోటు చాల్లేదు. డస్టరు తీసుకుని ఐదును తుడిచి అక్కడే తొమ్మిది వేశారు. 'చూపించు' దగ్గరికి వచ్చేసరికి బోర్డు మీద కంటికి కనబడే ఎక్స్ ఒక్కటే. "చూశారుగా, తొమ్మిది" అన్నారు. అందరూ తొమ్మిది రాసుకున్నారు.

నేను ఐదు అనుకుంటున్నాను. 'చూపించు' రాసి ఉన్నది రెండో పనికి బయట. అది రాసినచోట కనబడేది మొదటి ఎక్స్. ఎవరో లోపలెక్కడో తన సొంత ఎక్స్ పెట్టుకుంటే దీనికేం సంబంధం? ఆల్గాల్ కట్టినవాళ్ళు అలాగే నిర్ణయించుకున్నారు, ఊరికే కాదు, బోలెడు ఆలోచించి. చెయ్యెత్తాను. "సార్, మొదటి ఎక్స్ పోలేదు కదా. మనం తుడిచామంతే." క్లాసులో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. "నోట్సులో ఏముందో అది రాసుకోమ్మా" అన్నారు. ఇన్ని బ్యాచులుగా ఒక డస్టరు మాకు భాషాసూత్రాలు నేర్పిస్తోందని నాకు ఆ పూటే తెలిసింది.

నా పక్క బెంచీలో గాజువాక అవతలి ఊరి అబ్బాయి కూర్చునేవాడు. క్లాసులో మగపిల్లలందరినీ బావా అనేవాడు, నన్ను తల్లీ అనేవాడు. తెలివైనవాడు, నా మాట వినగానే పట్టుకున్నాడు. బయటికొచ్చాక, "ఐదే తల్లీ. నాకూ తెల్సు. అయితే ఏటి? పరీచ్చలో తొమ్మిది రాసీ, నోరు మూసుకో" అన్నాడు.

"తప్పని తెలిసి ఎలా రాస్తావు?"

"పెన్నుతో రాత్తాను."

వాడి మీద కోపం రావాల్సింది. రాలేదు, అప్పటికి.

పరీక్షలో సరిగ్గా ఆ ప్రశ్నే వచ్చింది, పెద్ద మార్కుల ప్రశ్నగా. పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను. తొమ్మిది అని రాస్తే గొడవ లేదు. నా చెయ్యి రానంది. ఐదు అని రాసి, ఎందుకు ఐదో ఒక పేజీ వివరించి, తొమ్మిది రావాలంటే భాషను ఎలా మార్చాలో కూడా రాశాను. బయటికి వచ్చేటప్పుడు నాకు సంతోషంగా ఉంది. ఆ పేజీ అంత బాగా నేనెప్పుడూ ఏదీ రాయలేదు.

ఆ ప్రశ్నకు నాకు సున్నా వచ్చింది. సగం కాదు, పావు కాదు, గుండు సున్నా. దాంతో ఫస్ట్ క్లాసు అంచు మీద నుంచి కింద పడ్డాను. ఎప్పుడూ నాకంటే తక్కువ మార్కులు వచ్చేవాళ్ళు, ఆల్గాల్‌కూ అలారానికీ తేడా తెలియనివాళ్ళు, తొమ్మిది రాసి ఫస్ట్ క్లాసులో కూర్చున్నారు. స్టీల్ ప్లాంటు ప్రకటన అప్పటికే పేపర్లో వచ్చేసింది. ఆఖరు తేదీకి కొంచెం గడువుంది. లెక్చరరు గారు డిప్లొమా బోర్డుకు ఒక్క ముక్క రాసి, దిద్దడంలో పొరపాటు జరిగిందని సంతకం పెడితే చాలు, మార్కులు మారతాయి. ఆ అధికారం ఆయనకుంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బూట్లు విప్పుకుంటూ విన్నది. "నువ్వు రాసింది కరెక్టేనా? కచ్చితంగా?" అంది. కరెక్టే అన్నాను. "అయితే ఎల్లి అడుగు. ఆలకి తెలీకపోతే సెప్పు. ప్రభువు సూసుకుంటాడు" అంది. ప్రభువు ఆల్గాల్ చదవలేదమ్మా అన్నాను. నెత్తి మీద ఒకటి మొట్టింది.

వెళ్ళాను. స్టాఫ్ రూమ్‌లో ఆయన ఒక్కరే ఉన్నారు. వీలైనంత నెమ్మదిగా చెప్పాను. భాషల మాట వదిలేసి మామూలు మాటల్లో చెబుదామని మా ఇంటి సంగతి చెప్పాను. నేను స్కూల్లో చదివేటప్పుడు ఒకరోజు వాన పట్టుకుంది. పక్కింటి టైలరు గారి అమ్మాయి నాకంటే ముందు ఇంటికి వెళ్తుంటే చీటీ రాసి ఇచ్చాను: 'అమ్మనడిగి బ్యాండేజీ కట్టిన గొడుగు తీసుకురా.' మా గొడుగు పుల్ల విరిగితే అమ్మ ఆసుపత్రి బ్యాండేజీ గుడ్డతో కట్టింది, అదీ దాని గుర్తు. "ఆ అమ్మాయి చీటీ పట్టుకెళ్ళి వాళ్ళమ్మని అడగలేదు సార్. మా అమ్మనే అడిగింది. చీటీలో అమ్మ అంటే అది రాసినవాళ్ళ అమ్మ. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ అమ్మ కాదు. ఎక్స్ కూడా అంతే సార్. 'చూపించు' ఎక్కడ రాసి ఉందో అక్కడి ఎక్స్. ఎవరు పిలిచారో వాళ్ళ ఎక్స్ కాదు."

ఆయన విన్నారు. ఇది మాత్రం ఒప్పుకోవాలి, పూర్తిగా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, "గొడుగులూ చీటీలూ కాదమ్మా, ఇది సైన్సు. మెషీన్ మీద నడిపి చూపించు. ఐదొస్తే అప్పుడు చూద్దాం" అన్నారు.

ఆల్గాల్ నడిచే మెషీన్ ఈ ఊళ్ళో లేదని ఆయనకు తెలుసు. తెలిసే అన్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది. "చూపిస్తాను సార్" అన్నాను. మెషీన్ వాడుకోవడానికి అనుమతి కాగితం ముందు పెడితే ఆయన నవ్వుతూ సంతకం చేశారు.

నాకు తెలిసిన దారి ఒక్కటే. ఫోర్ట్రాన్‌లో ఒక ప్రోగ్రాం రాయాలి. ఆ ప్రోగ్రాం ఆల్గాల్ ముక్కల్ని చదివి, ఆల్గాల్ మెషీన్ ఎలా నడుస్తుందో అలా నడవాలి. భాష మొత్తం అక్కర్లేదు, ఆ ప్రశ్నకు కావాల్సినంత చాలు. అదే నా తల ప్రాణం తోకకు తెచ్చింది. ఆల్గాల్‌లో ఒకదాని లోపల ఒకటిగా అల్లుకుని ఉండేవాటిని ఫోర్ట్రాన్‌లో బల్లపరుపు పట్టీలుగా విడగొట్టి పెట్టాలి. ప్రతి పనికీ పక్కన రెండు గుర్తులు రాసుకున్నాను: దీన్ని ఎవరు పిలిచారు, ఇది ఎక్కడ పుట్టింది, అంటే ఎక్కడ రాసి ఉంది. పేరు వెతకాల్సినప్పుడు పుట్టినచోటు గుర్తు పట్టుకుని వెనక్కి వెళ్ళాలి. రాస్తూ రాస్తూ నాకు తెలిసింది, ఇన్నాళ్ళూ నేను చదివింది చదువే కాదని. ఒక భాషను మన చేత్తో నడిపితే తప్ప అది మనకు రాదు.

కార్డులతో ఇంకో బాధ. సముద్రపు గాలికి అవి ఉబ్బిపోతాయి. ఉబ్బిన కార్డు మెషీన్‌లో ఇరుక్కుని నలిగిపోతుంది, కిటికీ దగ్గరి ఆపరేటరు నన్ను తిడతాడు. ఎవరో చెప్పారని కొందరు బియ్యం డబ్బాలో పెట్టేవాళ్ళు, అప్పుడు చిల్లుల్లో నూక ఇరుక్కునేది. అమ్మ ఆసుపత్రిలో పారేసిన ఒక స్టీలు డ్రమ్ము తెచ్చింది, దూది పెట్టి స్టెరిలైజు చేసే రకం, గట్టి మూత ఉంటుంది. అందులో నా కార్డులు పెట్టి, చంకలో పెట్టుకుని సిటీ బస్సులో వెళ్ళేదాన్ని. కండక్టరు "ఏటమ్మా, ఆపరేసనా?" అని అడిగేవాడు. అవునని చెప్పేదాన్ని.

చాలాసార్లు తప్పులొచ్చాయి. ఒకసారి కాగితం నిండా సున్నాలే వచ్చాయి. ఒకసారి అసలు ఏమీ రాలేదు. గడువు కరిగిపోతోంది. ఎవరితో మాట్లాడినా కసిరేదాన్ని, ఆఖరికి ఆదివారం ప్రార్థనకు వెళ్ళడం కూడా మానేశాను. దానికి మాత్రం అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి ఒక శుక్రవారం కిటికీలోంచి కాగితం వచ్చింది. పైన నా ప్రోగ్రాం, కింద ఖాళీ, ఖాళీ కింద ఒక్క అంకె. ఐదు. ఇంటికి వచ్చే దారిలో పోర్టు గేటు దగ్గర నిలబడి ఏడ్చాను. ఎవరు చూశారో నాకు తెలియదు, చూస్తే చూశారు.

మర్నాడు ఆయన బల్ల మీద ఆ కాగితం పరిచాను. ఆయన పైనుంచి కిందిదాకా చూశారు. తలెత్తారు.

"ఇది ఆల్గాల్ మెషీన్ కాదు కదమ్మా. నువ్వు రాసిన మెషీన్. నువ్వు ఐదనుకున్నావు, ఐదొచ్చేలా రాశావు, ఐదొచ్చింది. తొమ్మిది అనుకునేవాడు రాస్తే తొమ్మిదొస్తుంది. దీనివల్ల ఏం రుజువైంది?"

కాగితం మడిచేశాను. కోపంతో కాదు. ఆయన అన్నది నిజం కాబట్టి. ఇన్నాళ్ళ కష్టం ఏదీ రుజువు చెయ్యదని నాకెందుకు తట్టలేదు? ఆ కాగితం తీసుకుని బయటికొచ్చి బస్సెక్కకుండా ఓల్డ్ టౌన్ దాకా నడిచాను. ఆ నడకలో నాకు ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ మండింది. ఆయన నాకు చెప్పిన ఒకే ఒక్క పాఠం అది, అదీ నన్ను వదిలించుకోవడానికి చెప్పారు.

తర్వాతి వాయిదాకు ఒకే ఒక్క కార్డు మార్చాను. పేరు వెతికేటప్పుడు పుట్టినచోటు గుర్తు కాకుండా, పిలిచినవాళ్ళ గుర్తు పట్టుకుని వెళ్ళమన్నాను. తొమ్మిది వచ్చింది. రెండు కాగితాలూ పట్టుకుని మళ్ళీ వెళ్ళాలి. ఈసారి ఒంటరిగా వెళ్ళదలచుకోలేదు. గాజువాక అబ్బాయిని మద్దిలపాలెం డిపో దగ్గర పట్టుకుని, నాతో వచ్చి ఐదే సరైనదని ఒక్క మాట చెప్పమన్నాను.

వాడు నా మొహం చూడలేదు. "నాను రాను తల్లీ."

"నీకు తెలుసు కదా."

"తెల్సు. ఆయన ఒప్పీసుకున్నాడనుకో, తొమ్మిది రాసినోల మార్కులు తీసీరా? నా పస్ట్ క్లాసు ఎగిరిపోద్ది. మా భూమంతా ప్లాంటు కిందే పోనాది. మా అయ్య ఇప్పుడు ఆటోనగర్‌లో షెడ్డు కాడ వాచ్‌మెన్. ఆ ఉజ్జోగం నాకు రాపోతే మాకింకేటీ లేదు. నన్ను తిట్టుకో, కొట్టీ. నాను మాత్రం రాను."

అప్పుడు వచ్చింది వాడి మీద కోపం. వచ్చి, ఎక్కడా నిలబడలేకపోయింది. వాడిని తిడదామని నోరు తెరిచి, బస్సొస్తే ఎక్కేశాను.

స్టాఫ్ రూమ్‌లో ఈసారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. "మీరన్నది నిజం సార్. ఐదూ వస్తుంది, తొమ్మిదీ వస్తుంది, ఒక్క కార్డు తేడా. మెషీన్ తేల్చదు. భాష కట్టినవాళ్ళు ఏం నిర్ణయించారన్నదే తేల్చాలి. వాళ్ళు రాసిన రిపోర్టు మీ వెనక అద్దాల అలమరలోనే ఉంది. ఒక్క పేరా చదవండి సార్. తొమ్మిది అని ఉంటే మళ్ళీ ఈ గుమ్మం తొక్కను."

ఆయన కాగితాలు పక్కకు జరిపారు. తర్వాత లేచి తాళం తీశారు. ఆ రిపోర్టు దుమ్ము పట్టి ఉంది. పేజీలు తిప్పారు, ఒకచోట ఆగారు. వేలు పెట్టి చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను, మనిషికి అర్థమైనప్పుడు మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. రిపోర్టు మూసి, అలమరలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

"రిజల్ట్సు వెళ్ళిపోయాయమ్మా" అన్నారు.

"ఒక్క ముక్క రాస్తే మారుస్తారు సార్."

"రాస్తే క్లాసంతా మార్చాలి. తొమ్మిది రాసిన వాళ్ళందరి మార్కులూ పోతాయి. నీ ఒక్కదానికోసం ఇంతమంది పిల్లల పొట్ట కొట్టమంటావా?"

"వాళ్ళవి ఉంచండి. వాళ్ళు మీరు చెప్పిందే రాశారు. నాకు నావి వెయ్యండి."

"ఒక ప్రశ్నకు రెండు జవాబులుండవు. కీ అంటే ఒకటే ఉంటుంది."

"అయితే తప్పెవరిది సార్?"

బెల్లు కొట్టారు, ఆయన చేతిరుమాలు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయారు. తెలియక చేసిందైతే క్షమించేదాన్ని. బోర్డు చిన్నది, పాఠం పాతది, మెషీన్ లేదు, పొరపాటు ఎవరికైనా వస్తుంది. ఆయన చదివారు. చదివి, తెలుసుకుని, తాళం వేశారు. పిల్లల పొట్టలట. ఆయన కాపాడుకున్నది పిల్లల పొట్టల్ని కాదు, ఇన్నేళ్ళుగా తప్పు చెప్పారన్న మాట బయటికి రాకుండా తన మొహాన్ని.

అమ్మకు చెప్పాను. ఈసారి ప్రభువు సంగతి ఎత్తలేదు. "ఆడు మా వార్డులో పడితే బావుణ్ణు" అంది. తర్వాత తను అన్నదానికి తనే లెంపలేసుకుంది. ఆఖరు తేదీ వచ్చింది, వెళ్ళింది. గాజువాక అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. వాడు మంచివాడే, అదే నా బాధ.

నేను మద్దిలపాలెంలో సైకిల్ షాపు పైన ఉన్న ట్యూటోరియల్‌లో డిప్లొమా పిల్లలకు ఫోర్ట్రాన్ ట్యూషన్ చెప్పడానికి కుదిరాను. మెషీన్ లేదు, బోర్డు ఉంది. చేరగానే నేను అడిగిన మొదటి వస్తువు పెద్ద బోర్డు. ఓనరు ఇవ్వలేదు. గోడకు నల్లరంగు నేనే కొన్నాను.

మరుసటి ఏడు మా కాలేజీ నుంచే ఒక అమ్మాయి ట్యూషన్‌కు వచ్చింది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. భాషల పేపరు ఎలా ఉందని అడిగాను, అడగకుండా ఉండలేక. "ఆ పేపరు చాలా ఈజీ అక్కా. సార్ భలేగా సెప్పీసారు" అని, కళ్ళు మూసుకుని కంఠతా పట్టింది అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఎక్స్‌లో ఐదు, 'చూపించు', రెండో పని, తొమ్మిది. జవాబు ఐదు.

"ఐదా? ఎందుకు?"

"దానికి సార్ ఒక ఎగ్జాంపుల్ సెప్పారక్కా. స్కూలు కాడ వానొచ్చింది. ఒకమ్మాయి చీటీ రాసి ఫ్రెండుకిచ్చింది. 'అమ్మనడిగి బ్యాండేజీ కట్టిన గొడుగు తీసుకురా.' ఇక్కడ అమ్మ అంటే చీటీ పట్టుకెళ్ళినోళ్ళ అమ్మ కాదు."

నా చేతిలో చాక్‌పీసు విరిగింది. నల్లగోడకు ఆనుకుని నిలబడ్డాను. పిల్ల కళ్ళు తెరిచి, "ఏటక్కా, తప్పు సెప్పానా?" అంది.

"లేదు, కరెక్టే చెప్పావు. గొడుగుకు బ్యాండేజీ ఎందుకు కట్టారు?"

"అది సార్ సెప్పలేదక్కా. పరీచ్చలో అడగరు."

"సరే. మరి ఆ అమ్మ ఎవరి అమ్మ?"

పిల్ల ఒక్క క్షణం కూడా ఆగలేదు. నోట్సులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"ఎవరు సదివినా, ఎంతమంది సేతులు మారినా, రాసినోల అమ్మేనక్కా."

"అవును. మా అమ్మ" అన్నాను.